స్లేట్ కోవ్ ఇల్లు ఎవరికి, పొడి టాయిలెట్ ఎవరికి

కెనడా దేశం, నోవా స్కోషియా రాష్ట్రం, స్లేట్ కోవ్ అనే సముద్రపు ఒడ్డున, కరెంటు తీగ గానీ మునిసిపాలిటీ నీళ్ళు గానీ రాని ఇంట్లో పన్నెండేళ్ళుగా కాపురముంటున్న గొడవర్తి పాండురంగ అను నేను, వయస్సు డెబ్భై ఒకటి, స్వదస్తూరీతో రాసుకుంటున్న చివరి వీలునామా ఇది. పొద్దున నొప్పి మాత్ర మింగకముందే రాస్తున్నాను కనుక నా బుద్ధి స్థిరంగానే ఉంది. చెడింది పాంక్రియాస్ ఒక్కటే. మంచు పడేదాకా ఉంటానని హాలిఫాక్స్‌లో డాక్టరమ్మ చెప్పింది. ఇందులో ఎవరి బలవంతమూ, ప్రోద్బలమూ లేవు. బలవంతం చేయడానికి ఇంత దూరం ఎవరూ రారు, చివరి అయిదు కిలోమీటర్లు మట్టి రోడ్డు.

2019లో రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో ఈ ఇల్లు నా భార్య తమ్ముడు కేశవరావుకు రాశాను. అప్పుడు నాకు రోగం లేదు, బుద్ధి కూడా లేదు.

దీన్ని తెలుగులో రాయడానికి కారణం ఉంది. ఇంగ్లీషులో రాస్తే కేశవరావు లాయరుకిచ్చి, నాకేమొచ్చిందో చెప్పు చాలు అంటాడు. అలా కుదరదు. అతను మొత్తం వినాలి.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నా మిత్రుడు కోదండరామ్‌కు అప్పగిస్తున్నాను. మార్కమ్‌లో ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో పంతొమ్మిదేళ్ళు కూర్చున్నాం. కోదండం, నువ్వు దీన్ని ఇంగ్లీషులోకి మార్పించి కోర్టుకివ్వాలి. అంతకంటే ముందు ఏజాక్స్ వెళ్ళి, కేశవరావు ఇంట్లో పై హాల్లో, ఆ తెల్ల తోలు సోఫా మీద కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలి. మొహమాటపడి వాక్యాలు మింగకు. మేనేజర్ల ముందు నువ్వెన్ని మింగావో పక్కనుండి చూసినవాణ్ణి. వాళ్ళు పెట్టిన టీ చదవడం అయ్యాకే తాగు. ముందు తాగితే నీకు గొంతు పెగలదు.

2. నా శవాన్ని దహనం చేయించి, బూడిదను ఈ కోవ్ నీళ్ళలోనే, నా భార్య సరోజన బూడిద కలిపినచోట కలపాలి. సంతాప సభ పెట్టకూడదు. నా ఫోటో పక్కన దీపం, తామరపువ్వు పెట్టి వాట్సాప్‌లో తిప్పకూడదు. బిర్యానీ తెప్పించి, రెండు నిమిషాలు మౌనం పాటించి, ఆ తర్వాత రెండు గంటలు ఇళ్ళ రేట్లు మాట్లాడుకునే సభలు నేను పాతిక దాకా చూశాను. మార్కమ్ వదిలి ఇక్కడికొచ్చిందే ఆ మాటలు వినలేక. ఎవరి డ్రైవ్‌వే ఎంత వెడల్పు, ఎవరి పిల్లకి ఏ యూనివర్సిటీ, ఎవరు ఎవర్ని పిలవలేదు. వాంతికొచ్చేది.

3. స్లేట్ కోవ్‌లో పదకొండు ఎకరాల భూమి, అందులో నేనూ సరోజనా కట్టుకున్న రెండు గదుల ఇల్లు, పన్నెండు సోలార్ పలకలు, బ్యాటరీలు, వాననీళ్ళ ట్యాంకు, చేతిపంపు, కట్టెల పొయ్యి, నాలుగు శీతాకాలాలకు సరిపడా చీల్చి పేర్చిన కట్టెలు, ఇవన్నీ ప్రస్తుతం ఒషావాలో ఉంటున్న మృదుల అనే అమ్మాయికి సర్వహక్కులతో చెందాలి. ఆమె నాకు బంధువు కాదు. ఆమెను నేను చూసింది మూడు రోజులు. మా మధ్య ఏదో ఉందని ఏజాక్స్‌లో అనుకునేవాళ్ళు అనుకుంటారు. వాళ్ళ నోళ్ళు కడగడానికి ఈ సముద్రం చాలదు. ఎందుకిచ్చానో ఏడో క్లాజులోనూ ఎనిమిదో క్లాజులోనూ ఉంది. ఈ వీలునామా రాసిందే ఆ రెండింటి కోసం.

4. నా కూతురు రూపకు మార్కమ్ ఇల్లు ఇదివరకే రాసిచ్చాను, బ్యాంకులో ఉన్నదాంట్లో సగం కూడా ఆమెకే. వాళ్ళమ్మ నగలు ఆమె దగ్గరే ఉన్నాయి. రూప ఇక్కడికి రెండుసార్లు వచ్చింది. రెండోసారి వెళ్తూ, డాడ్, దిస్ ఈజ్ నాట్ లివింగ్, అంది. నాకు కోపం వచ్చింది కానీ ఇప్పుడు లేదు. వంటింటి అరలో సరోజన డబ్బాలు పద్నాలుగున్నాయి, ఒక్కోదాని మీద ధనియాలు, మెంతులు, వాము అని తన చేత్తో రాసి అంటించిన కాగితాలున్నాయి. తను పోయిన ఏడేళ్ళలో వాముడబ్బాలో పంచదార పోసుకున్నానే గానీ కాగితం మార్చలేదు. అవి రూపకు. రూపా, నీకు తెలుగు చదవడం రాదు, పర్వాలేదు, ఊరికే అరలో పెట్టుకో. తడిగుడ్డతో మాత్రం తుడవకు.

5. మన తెలుగు సంఘానికి వాళ్ళు నాకు కప్పిన శాలువాలు తిరిగి ఇచ్చేస్తున్నాను. మొత్తం తొమ్మిది, ఇప్పుడు ఎనిమిదే ఉన్నాయి. ఒకటి నీళ్ళ పైపుకు చుట్టాను. పైపు గడ్డకట్టలేదు. సంఘం వల్ల నాకు ఒరిగిన మేలు అదొక్కటే. 2022లో, 2023లో మన ఊళ్ళ పిల్లలు చదువులకని విమానాలకు విమానాలు దిగారు. దిగినవాళ్ళతో ఎయిర్‌పోర్టులో బ్యానరు పట్టుకుని ఫోటోలు దిగింది సంఘం. ఫోటో అయ్యాక ఆ పిల్లలు ఎక్కడ పడుకున్నారో కనుక్కున్న కార్యవర్గ సభ్యుడు ఒక్కడుంటే చెప్పండి, ఈ క్లాజు కొట్టేస్తాను. ఎక్కడ పడుకున్నారో నేను చెప్తాను. కార్యవర్గం వారి ఇళ్ళ కింది బేస్‌మెంట్లలోనే, అద్దెలు కట్టి. ఈ ఏడాది ప్రభుత్వం వీసాలు తగ్గించేసరికి అదే కార్యవర్గం, ఈ పిల్లల వల్ల మన పరువు పోయింది, అని తీర్మానం చేసింది. ఎనిమిది శాలువాలూ కార్యదర్శికి అందజేయాలి. రసీదు అక్కర్లేదు.

6. నా పడవ, దాని మోటారు, వలలు, గొడ్డళ్ళు మూడు, మేకరెల్ చేపల పులుసు వండే మట్టికుండ, ఆఖరి ఆవకాయ జాడీ, ఇవన్నీ ఇక్కడికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉండే మర్డాక్‌కు. ఆయన ఎండ్రకాయల వేటగాడు. నేను వచ్చిన మొదటి చలికాలం పొయ్యి ఎలా రాజెయ్యాలో, ఐసు మీద ఎక్కడ అడుగెయ్యకూడదో నేర్పింది ఆయనే. ఎవరిమీదా ఆధారపడకుండా బతుకుతున్నానని నేను సంఘం పత్రికలో వ్యాసం రాశాను. ఆ వ్యాసం రాసిన వారంలో మర్డాక్ నా పొగగొట్టం బాగుచేసి వెళ్ళాడు. వ్యాసంలో ఆయన పేరు లేదు.

7. నా బావమరిది కేశవరావుకు, ఈ ఇంటి వెనక చెక్కగదిలో ఉన్న నీళ్ళు వాడని పొడి టాయిలెట్‌ను, దాని కింది పీపాతోనూ, రంపపుపొట్టు బుట్టతోనూ, పారతోనూ సహా, పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించేందుకు ఇస్తున్నాను. రవాణా అతనే చేసుకోవాలి. ఏజాక్స్ బేస్‌మెంట్‌లో పదకొండు మంది పిల్లలకు ఒక్కటే బాత్‌రూమ్ ఉండేది కనుక ఇది అక్కరకొస్తుంది.

కేశవరావు గురించి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. అతను ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు. అక్క పోయిన రోజు నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు, అది నిజమైన ఏడుపే. అయిదేళ్ళ తర్వాత అదే మనిషి కింద బేస్‌మెంట్‌లో పరుపులు వరసగా పరిచి, ఒక్కో పరుపు మీద ఒక్కో పిల్లనో పిల్లాణ్ణో పడేశాడు. పోపు పెట్టినప్పుడల్లా మోగుతోందని పొగ అలారానికి ప్లాస్టిక్ సంచి కట్టాడు. నేను చూసి ఇదేమిటని అడిగితే, బావగారూ, మనవాళ్ళు కదా, సర్దుకుంటారు, అన్నాడు. మనవాళ్ళు అనే మాటను ఇంత నీచంగా వాడినవాణ్ణి నేను చూడలేదు. నేనూ అక్కడ భోంచేసి, చేయి కడుక్కుని వచ్చేశాను. అదీ రాయాలి కదా.

2022 డిసెంబరులో ఎవరో ఫిర్యాదు చేశారు. సెలవుల్లో టౌన్ నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడని తెలిసింది. కేశవరావు పిల్లల్ని ముక్కలు ముక్కలుగా తలో చోటికీ పంపి దాచాడు. నలుగురికి మాత్రం, మా బావగారి బీచ్ హౌస్ ఉంది, వారం రోజులు ఫ్రీ ట్రిప్, ఓషన్ వ్యూ, అని చెప్పి వ్యాన్ ఎక్కించాడు. పద్దెనిమిది వందల కిలోమీటర్లు. నాకు ఫోన్ చేసింది వాళ్ళు దారిలో ఉండగా. కోపంతో ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత నేనెంత చేసినా అతను ఎత్తలేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

ఇరవై ఏడో తారీకు సాయంత్రం నలుగురూ దిగారు. పల్చటి జాకెట్లు, స్పోర్ట్స్ షూలు. ఓషన్ వ్యూ చూసి ఒక్కళ్ళూ ఫోటో తియ్యలేదు. ఒక సంచిలో ఎలక్ట్రిక్ కుక్కర్, ఇంకో సంచిలో మిక్సీ. మరుసటి రోజు నేను కట్టెలకు వెళ్ళి వచ్చేలోగా అందరికీ అన్నం వండుదామని కుక్కర్ పెట్టారు. డిసెంబరులో ఇక్కడ ఎండ నాలుగు గంటలుంటే గొప్ప. బ్యాటరీలు పడుకున్నాయి. దీపాల్లేవు. నేను అరిచాను. ఆ అన్నం నాకోసం కూడా వండారని, నా కంచం కూడా వేసి ఉందని అరవడం అయ్యాక చూశాను. ఆ అన్నం నేను తినలేదు.

8. ఇక్కడి నుంచి కేశవరావు పని అయిపోయింది, అతను వినకపోయినా ఫర్వాలేదు. ఇది నా సంగతి.

ఈ ఇంటి టాయిలెట్‌లో నీళ్ళు పొయ్యకూడదు. పొట్టు వేయాలి, కాగితం వాడాలి. నీళ్ళు పడితే మురిగి కంపు కొడుతుంది, చలికి గడ్డకట్టి పీపా పగులుతుంది. పిల్లలు దిగగానే నేను చెప్పింది ఒకే ముక్క, నీళ్ళు వాడకండి, అని. సరే అంకుల్ అన్నారు. మనం ఎలా పెరిగామో నాకు తెలియదా? చెంబు లేకుండా మనవాళ్ళెవరైనా వెళ్తారా? సరోజన మొదటి నెలలోనే, నా వల్ల కాదు, నేను బందరు వెళ్ళిపోతాను, అని కూర్చుంటే నా గది వెనకాల చిన్న స్నానాలగది కట్టాను. పొయ్యి గొట్టం అందులోంచే పోతుంది, వేడినీళ్ళుంటాయి, కడుక్కోవడానికి చోటుంది, ఆ నీళ్ళు రాళ్ళగుంటలోకి పోతాయి. పన్నెండేళ్ళుగా నేను వాడుతున్నది దాన్నే. ఆ మూడు రోజులు దానికి తాళం వేశాను. నలుగురికి వేడినీళ్ళంటే కట్టెలు అయిపోతాయని.

నాలుగు శీతాకాలాల కట్టెలున్నాయని మూడో క్లాజులో రాశాను, చూశారు కదా.

పిల్లలు పెద్దవాణ్ణి ఆ మాట అడగలేక, సిగ్గుపడి, మంచు కరిగించుకుని సీసాల్లో తీసుకెళ్ళారు. మూడో రోజుకు పీపా నిండి పొంగి, చెక్కల మీదికి వచ్చింది. నేను ముక్కు మూసుకుని వాళ్ళని నిలబెట్టి ఏమన్నానో ఇక్కడ రాయాలి. మీ అమ్మానాన్నలు ఏం పెంచారు, పందుల్లా ఉన్నారు, మీలాంటివాళ్ళ వల్లే ఈ దేశం కంపుకొడుతోంది, అన్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు కేశవరావు మీద కోపం వీళ్ళ మీద చూపించానని రెండేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ మాటలు నా లోపలివే. మార్కమ్‌లో మనవాళ్ళలో చూసి అసహ్యించుకున్నవన్నీ మూటగట్టుకుని ఇక్కడికే తెచ్చుకున్నాను.

మర్నాడు తెల్లవారింది. మైనస్ పద్నాలుగు, గాలి. ఆ నలుగురిలో ఒక అమ్మాయి ఒక్కతే లేచి, ఎవర్నీ లేపకుండా, ఆ పీపాను బయటికి లాగింది. గడ్డకట్టిన మలాన్ని పారతో కొట్టి, గుంటలో వేసి, ఒడ్డుకు వెళ్ళి బకెట్‌తో సముద్రపు నీళ్ళు తెచ్చి, చెక్కలు చేతులతో తోమింది. ఉత్త చేతులతో. గంట పైనే పట్టింది. నేను కిటికీలోంచి చూస్తూ టీ తాగాను. నా రబ్బరు గ్లవ్స్ పక్కన మేకుకే వేలాడుతున్నాయి. బుద్ధి రానీ అనుకున్నాను. ఇంతకంటే వివరంగా రాయమంటే రాయలేను.

మధ్యాహ్నానికి మర్డాక్‌ను పిలిచి, వీళ్ళని బస్సు ఎక్కించెయ్యి అన్నాను. తుఫాను వస్తోంది, ఆగు, అన్నాడు. ఆగనన్నాను. ఇంటికొచ్చిన వాళ్ళని అన్నం పెట్టకుండా సరోజన ఏనాడూ పంపలేదు. నేను పంపాను. మర్డాక్ తన భార్య అల్లిన ఊలు గ్లవ్స్ తెచ్చి వాళ్ళకి వేశాడట. నలభై రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పిల్లల పేర్లు కూడా ఆయన చెప్తేనే నాకు తెలిశాయి. కిరీటి, భరద్వాజ్, ప్రేమజ్యోతి, మృదుల. మూడు రోజులు నా కప్పు కింద ఉంటే నేను అడగలేదు. ఆయన గంటన్నర బండి నడిపి నలుగురివీ తెలుసుకున్నాడు.

తుఫానుకు బస్సు దారిలో ఆగిపోయింది. ఏజాక్స్ చేరేసరికి బేస్‌మెంట్‌కు కేశవరావు కొత్త తాళం వేశాడు. పీపా కడిగిన పిల్ల మృదులే, ఆమె ఎడమచేతి వేళ్ళు చలికి నల్లబడ్డాయి. చిటికెనవేలు కొస తీసేశారు. ఆ టర్మ్ చదువు పోయింది. ఇదంతా నాకు ఏడాదిన్నర తర్వాత, నాకు రోగం బయటపడ్డాక, కోదండం వాకబు చేసి చెప్పాడు. ఇప్పుడు ఒషావాలో ఏదో గోదాములో పెట్టెలు సర్దుతోందట. నేను మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి ఫోన్‌లో ఒక్క లైను వచ్చింది. పర్లేదు అంకుల్.

నన్ను తిట్టి ఉంటే ఈ వీలునామా ఇంత పొడుగు అయ్యేది కాదు.

9. బ్యాంకులో మిగిలిన సగం ఈ విధంగా ఖర్చు పెట్టాలి. మృదులకు ఇల్లు అప్పగించకముందే సెప్టిక్ ట్యాంకు వేయించి, నీళ్ళతో కడుక్కునే మామూలు టాయిలెట్ లోపల కట్టించాలి. వేడినీళ్ళ కుళాయి, చెంబు పెట్టుకునే గట్టు ఉండాలి. మేస్త్రీకి గట్టు సంగతి అర్థం కాదు, కోదండం, నువ్వు దగ్గరుండి చూపించు. స్నానాలగది తాళం విరగ్గొట్టించు, ఇంకోటి పెట్టించకు. మిగిలినది మిగతా ముగ్గురికీ సమంగా ఇవ్వాలి. వాళ్ళు పుచ్చుకోం అంటే వాళ్ళ ఇష్టం.

10. మృదులకు ఈ సంగతి ఫోన్‌లో చెప్పకూడదు. కోదండం స్వయంగా ఒషావా వెళ్ళాలి. డ్యూటీ దిగి వచ్చే వేళకు వెళ్ళకు, అలసి ఉంటుంది. లోపలికి రమ్మంటేనే వెళ్ళు. నన్ను వెనకేసుకు రావద్దు. ఆయన మంచివాడమ్మా, కోపం ఒక్కటే, అని మనవాళ్ళు పోయినవాళ్ళందరి గురించీ అంటారు, నువ్వు అనకు. ఇల్లు కావాలంటే తాళంచెవులు చేతిలో పెట్టు. అమ్మేస్తానంటే మంచి ధరకి అమ్మిపెట్టు, కేశవరావుకి తప్ప. నాకొద్దు, ఆ ఇంటి పేరెత్తకండి అంటే, ఎందుకని అడక్కుండా లేచి వచ్చెయ్యి.

పర్లేదు అంకుల్ అంటే మాత్రం రావద్దు. కూర్చో. ఆ పిల్ల పర్లేదన్నప్పుడల్లా మేమందరం నమ్మి వెళ్ళిపోయాం.

2024 అక్టోబరు పంతొమ్మిది, శనివారం, పొద్దున, స్లేట్ కోవ్.

(సంతకం) గొడవర్తి పాండురంగ

పై సంతకం మా ఎదుట చేశాడని సాక్షులు. వీరికి తెలుగు రాదు. ఏం రాశావని అడిగారు, చెప్పాను.

1. మర్డాక్ సోదరి ఎడ్నా, పోస్టాఫీసు
2. వారి పొరుగు మనిషి ఏంగస్, పడవల మెకానిక్

మర్డాక్‌కు పడవ ఇచ్చాను కనుక ఆయన సాక్షిగా పనికిరాడట. బయట కట్టెల మీద కూర్చున్నాడు. ఎడ్నా వెళ్ళి ఎనిమిదో క్లాజు ఆయనకు చెప్పింది. ఆయన ఇంకా లోపలికి రాలేదు.